బండి సందేహాలు: పెట్రోల్ మూత మొండికేస్తే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: కారు పెట్రోల్ మూత. మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పొడుగైంది. మిగతావాళ్లు కూడా ముందు అది చదివి తమ ప్రశ్నకు వెళ్తే మేలు.

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర పల్లె. పాత స్విఫ్ట్ కారు. డ్రైవర్ సీటు పక్క లీవర్ లాగితే పెట్రోల్ మూత తెరుచుకోవడం లేదు. మొన్నటిదాకా రెండు మూడుసార్లు లాగితే వచ్చేది, ఇప్పుడు అసలు కదలడం లేదు. బంకులో కుర్రాడు స్క్రూడ్రైవర్‌తో లేపేస్తానంటే వద్దన్నాను. మీటర్లో రెండు గీతలే ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వద్దని మంచి పని చేశారండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే మూత రాకముందే దాని పక్కనున్న బాడీ రేకు వంగుతుంది, పెయింటు పెచ్చులూడుతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లో పెయింటు లేచిన చోట తుప్పు పట్టడానికి ఒక వానాకాలం చాలు. అప్పుడు కేబుల్ ఖర్చుకి తోడు టింకరింగ్, పెయింటింగ్ ఖర్చు మీద పడుతుంది.

లోపలున్నది చిన్న ఏర్పాటే. లీవర్ నుంచి సైకిల్ బ్రేకు వైరు లాంటి కేబుల్ ఒకటి బయల్దేరి, గుమ్మం దగ్గరి ప్లాస్టిక్ పట్టీ అడుగున, కార్పెట్ కిందుగా వెళ్లి, వెనక సీటు కింద ఎడమ పక్కకు దాటి, వెనక చక్రం పైన మూత ఉన్న గూటి దాకా వస్తుంది. దాని చివర వేలి కొసంత పిన్ను, ఓ స్ప్రింగు ఉంటాయి. మూత లోపలి కొక్కెం ఆ పిన్నుకి పట్టుకుని ఉంటుంది. లీవర్ లాగితే పిన్ను వెనక్కి జరుగుతుంది, అంతే. మూతను బయటికి తన్నేది వేరే పల్చటి పట్టీ స్ప్రింగు, అది మూత కీలు పక్కన ఉంటుంది. అంటే కేబుల్, పిన్ను, పట్టీ స్ప్రింగు, ఈ మూడిట్లో ఏది చెడినా బయటికి కనిపించే లక్షణం ఒకటే: మూత రాదు.

ఏది చెడిందో లీవరే చెబుతుంది. నెమ్మదిగా లాగి చేతికి ఎలా తగులుతోందో చూడండి. ఎప్పటిలాగే కొద్దిగా బిగువుగా వచ్చి, వదలగానే తనంతట తాను వెనక్కి వెళ్లిందా? కేబుల్, పిన్ను బాగానే ఉన్నట్టు. పట్టీ స్ప్రింగు నీరసించి ఉండాలి, లేదా మూత అంచున మట్టి, మైనం పేరుకుని అంటుకుపోయి ఉండాలి. లీవర్ పట్టు లేకుండా ఊరికే లేచి వస్తోందా? కేబుల్ తెగింది, లేదా దాని కొసనున్న గుండు లీవర్ కొక్కెం నుంచి జారిపోయింది. రాయిలా బిగుసుకుపోయిందా? పిన్ను ఇరుక్కుంది, లేదా వైరు తన గొట్టంలో తుప్పు పట్టింది. ఈ మూడో రకంలో మాత్రం బలం చూపించకండి. ముందు విరిగేది లీవర్ అడుగున ఉన్న ప్లాస్టిక్కే.

మీరు చెప్పినట్టు రెండు మూడుసార్లు లాగితే వచ్చేదంటే పట్టీ స్ప్రింగు నీరసించడమో, కేబుల్ సాగి పిన్ను పూర్తిగా వెనక్కి రాకపోవడమో అయి ఉంటుంది. రెంటికీ మొదటి వైద్యం ఒకటే, దానికి ఇద్దరు కావాలి. ఒకరు లీవర్‌ను చివరిదాకా లాగి అలాగే పట్టుకోవాలి, లాగి వదిలెయ్యకూడదు. రెండో మనిషి మూత తెరుచుకునే అంచును అరచేత్తో రెండు మూడుసార్లు లోపలికి నొక్కాలి. చాలా కార్లలో కీలు ముందు వైపు, తెరుచుకునే అంచు వెనక బంపర్ వైపు ఉంటుంది. అలా నొక్కినప్పుడు కొక్కెం బరువు పిన్ను మీద నుంచి తప్పుతుంది, పిన్ను జరగడానికి చోటు దొరుకుతుంది. లీవర్ ఇంకా పట్టుకునే ఉండగా, పనికిరాని ప్లాస్టిక్ కార్డుకి అంచున టేపు చుట్టి, ఆ సందులో దూర్చి నెమ్మదిగా బయటికి తియ్యాలి. పట్టీ స్ప్రింగే కారణమైతే మూత ఇక్కడ వచ్చేస్తుంది.

రాకపోతే డిక్కీ తెరవండి. వెనక సీటు మడిచి, ఎడమ పక్క ప్లాస్టిక్ పలకకున్న క్లిప్పులు తియ్యాలి. ఈ క్లిప్పుకి మధ్యలో చిన్న బొడిపె ఉంటుంది, ముందు దాన్ని పైకి లేపితే ఆ తర్వాత క్లిప్పు మొత్తం ఊడి వస్తుంది. బొడిపె లేపకుండా ప్లయర్‌తో పీకితే విరిగిపోతుంది. పలకను పూర్తిగా ఊడదియ్యక్కర్లేదు, చెయ్యి దూరేంత జరిపితే చాలు. ఎల్ఈడీ టార్చి వేసి చూస్తే మూత గూటి వెనక భాగం, అందులోకి దూరిన నల్ల కేబుల్ కొస కనిపిస్తాయి. వైరు బయటికి కనబడుతుంటే నోస్ ప్లయర్‌తో పట్టుకుని గూటి నుంచి దూరంగా, కేబుల్ వచ్చిన వైపుకి లాగండి. కనబడకపోతే ఆ కొసను పావు చుట్టు తిప్పి చూడండి. చాలా కార్లలో అది మలుపు తిప్పి బిగించినదే. తిరిగితే పిన్నుతో సహా లోపలికి వచ్చేస్తుంది, మూతను పట్టుకునేది ఇంకేమీ ఉండదు. తిరగకపోతే మొండిగా తిప్పకండి, దాన్ని పట్టి ఉంచే చిన్న చెవులు విరుగుతాయి. మీ ఊరి ఉప్పుగాలికి అక్కడ పాచిలా తెల్లటి పొర కట్టి ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రే రెండు చుక్కలు పడేలా కొట్టి, పావుగంట ఆగి మళ్ళీ ప్రయత్నించండి.

ఈ పనంతటిలో వేడి గాలి గన్ను, డ్రిల్లు, గ్రైండరు, అగ్గిపుల్ల దగ్గరికి రాకూడదు. మూత వెనకే ట్యాంకు గొట్టం ఉంటుంది.

మూత తెరుచుకున్నాక వెంటనే మూసెయ్యకండి, అసలు పని అప్పుడే మొదలవుతుంది. లోపలి ట్యాంకు క్యాపు బిగించి ఉంచి, గూటిని సబ్బు నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగి, గుడ్డతో ఆరబెట్టండి. పిన్నును వేలితో లోపలికి నొక్కితే వదలగానే టక్కున బయటికి రావాలి. పట్టీ స్ప్రింగును రెండు వేళ్లతో కొద్దిగా బయటికి వంచండి. చీలిక కనబడితే వంచి లాభం లేదు, మార్చెయ్యాలి. పిన్నుకి సిలికాన్ స్ప్రే కొట్టి, దాని మీద వరిగింజంత తెల్ల గ్రీజు రాస్తే చాలు. తుప్పు వదిలించే స్ప్రే ఇక్కడ సరిపోదు. అది పట్టు విడిపించడానికి మంచిదే, కానీ త్వరగా ఆరిపోతుంది, ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది.

తర్వాత మూత తెరిచి ఉండగానే ఒకరు లీవర్ పదిసార్లు లాగాలి, ఇంకొకరు పిన్నును చూడాలి. ప్రతిసారీ పూర్తిగా వెనక్కి వచ్చి తిరిగి పూర్తిగా బయటికి రావాలి. సగమే వస్తే కేబుల్ సాగిపోయింది, మార్చాలి. కొత్తది వేసేటప్పుడు పాత కేబుల్ కొసకి గట్టి నైలాన్ దారం కట్టి పాతదాన్ని లాగెయ్యండి. ఆ దారం వెంబడే కొత్తదాన్ని లాక్కుంటే కార్పెట్ మొత్తం లేపాల్సిన పని ఉండదు. అయితే కేబుల్‌ని దారిలో ఎక్కడైనా క్లిప్పులు పట్టి ఉంచితే అక్కడ మాత్రం తెరిచి చెయ్యాల్సిందే. సీటు కింద, గుమ్మం పక్కన పసుపు రంగు కనెక్టర్లు కనబడితే ముట్టుకోకండి. అవి ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టులకు సంబంధించినవి.

కొత్త కేబుల్ వచ్చేదాకా డిక్కీ వైపు కేబుల్ కొసకి ఒక నైలాన్ తాడు ముక్క కట్టి పలక సందులోంచి బయటికి వదిలి ఉంచితే, అవసరమైనప్పుడు దాన్ని లాగి మూత తీసుకోవచ్చు. రెండు గీతలున్నప్పుడే పని చేయించుకోండి. ఇలాంటి బండ్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉంటుంది, దానికి చల్లదనం ఇచ్చేది చుట్టూ ఉన్న పెట్రోలే. ట్యాంకు అడుగంటేదాకా నడిపితే పంపు మీదకి వస్తుంది.

ప్రశ్న: మా కారుకి లీవర్ లేదు. కారు అన్‌లాక్ చేసి మూత నొక్కితే తెరుచుకునే రకం. వారం నుంచి ఎంత నొక్కినా రావడం లేదు. తలుపులు మాత్రం బాగానే లాక్, అన్‌లాక్ అవుతున్నాయి.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తలుపులన్నీ పని చేస్తున్నాయంటే చాలా కార్లలో ఫ్యూజు బాగున్నట్టే అమ్మా, దాని జోలికి వెళ్లక్కర్లేదు. మీ మూతలో రెండు పనిముట్లున్నాయి: నొక్కితే బయటికి తన్నే స్ప్రింగు కొస ఒకటి, లాక్ చేసినప్పుడు మూతను పట్టే మోటారు పిన్ను ఒకటి. మూతను నొక్కినప్పుడు అసలు లోపలికి కదలకపోతే మోటారు పిన్ను వెనక్కి రాలేదు. కొంచెం లోపలికి వెళ్లి టక్‌మని శబ్దం వచ్చినా మూత లేవకపోతే స్ప్రింగు కొస ఇరుక్కుంది లేదా విరిగింది.

మూత దగ్గర చెవి పెట్టి ఇంకొకరిని తాళం బటన్ నొక్కమనండి. లాక్, అన్‌లాక్ రెండుసార్లూ లోపల మోటారు శబ్దం వినిపించాలి. శబ్దం వస్తూ పిన్ను రాకపోతే మూత బరువు దాని మీద పడి ఇరుక్కుంది. మూతను అరచేత్తో లోపలికి నొక్కి పట్టుకుని, అదే సమయంలో అన్‌లాక్ నొక్కించండి. ఈ చిన్న పనితోనే చాలాసార్లు వదులుతుంది. శబ్దం నీరసంగా ఉంటే బ్యాటరీ చూడండి. ఇంజను ఆపి కొంతసేపు వదిలేసిన బ్యాటరీ పూర్తిగా చార్జై ఉంటే 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది, 12 కిందకి దిగితే చిన్న మోటార్లు మొరాయిస్తాయి. ఇంజను స్టార్ట్ చేసి, తలుపు మీదున్న అన్‌లాక్ బటన్ నొక్కి చూడండి. అప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే యంత్రం) నుంచి 14 వోల్టుల దాకా అందుతుంది. వస్తే ఇంజను ఆపాకే పెట్రోలు పట్టించాలని వేరే చెప్పక్కర్లేదు కదా.

శబ్దమే లేకపోతే డిక్కీలో, మూత ఉన్న పక్క పలక వెనక చూడండి. చాలా కార్లలో అక్కడ చేత్తో లాగే రంగు ఉంగరమో, తాడో ఇస్తారు. ఎక్కడుందో బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. నిదానంగా, నిటారుగా ఒక అంగుళం లాగితే పిన్ను వెనక్కి వస్తుంది. గుంజితే తాడు చేతికొస్తుంది, ఆ తర్వాత మెకానిక్ పలక మొత్తం ఊడదీయాల్సిందే. మోటారు మార్చేటప్పుడు 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ ఊడదీసి పని చెయ్యమనండి.

ప్రశ్న: మూత బిగుసుకుంటే ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వేశాం. నెలరోజులు బ్రహ్మాండంగా పని చేసింది. ఇప్పుడు పొద్దున్నపూట అస్సలు రావడం లేదు, మధ్యాహ్నం వస్తోంది.
– ఒక పాఠకుడు, సాలూరు

జవాబు: కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మీ వైపు చలికాలం పొద్దున అంతకంటే చల్లగానే ఉంటుంది కదా, పిన్ను చుట్టూ మైనంలా పట్టేసింది. మధ్యాహ్నం కరుగుతుంది కాబట్టి వదులుతుంది. పైగా దుమ్ముని పట్టుకుంటుంది. మధ్యాహ్నం మూత తీసి, సబ్బు నీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి, సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజనాయిలు కూడా వద్దు. రాతి క్వారీల దుమ్ము తగిలే టెక్కలి వైపు నుంచి ఇదే ప్రశ్న అడిగినవారు గ్రీజు కూడా తగ్గించి, ఒట్టి సిలికాన్ స్ప్రేతో సరిపెట్టుకోవడం మంచిది. ఆ పొడి గ్రీజులో కలిస్తే పిన్నుని అరగదీస్తుంది.

ప్రశ్న: వెనక భాగానికి చిన్న దెబ్బ తగిలితే బొబ్బిలిలో టింకరింగ్, పెయింటింగ్ చేయించాం. బండి చేతికొచ్చినప్పటి నుంచి పెట్రోల్ మూత అతుక్కుపోయినట్టుంది. షెడ్డులో అడిగితే వాడకంలో సర్దుకుంటుందంటున్నారు.

జవాబు: సర్దుకోదండి. మూత చుట్టూ సందు నాలుగు వైపులా సమానంగా ఉందో లేదో ముందు చూడండి. ఒక పక్క పేపరు దూరకుండా, ఎదురు పక్క వేలి గోరు దూరేంత ఉంటే కీలు వంగి ఉంది, లేదా మూత బిగించిన స్క్రూలు పక్కకి పడ్డాయి. స్క్రూలు వదులు చేసి మూతను సరిచేసి మళ్ళీ బిగించడం అరగంట పని. సందు సమానంగానే ఉండి అతుక్కుంటే పెయింటు, దాని మీది మెరుపు పూత (లాకర్) అంచుల మీద మందంగా పడ్డాయి. రబ్బరు బుడిపెల మీద పడ్డా అంతే, ఎండలో మెత్తబడి అంటుకుంటుంది. అంచుని 2000 నంబరు నీటి ఎమరీ కాగితంతో నీళ్లు పోస్తూ తేలిగ్గా రుద్దించి, బుడిపెలు మార్పించండి. లోపలి పట్టీ స్ప్రింగు తిరిగి పెట్టారో లేదో కూడా చూడండి. పెయింటు చేసేటప్పుడు తీసి పక్కన పెట్టి మరిచిపోవడం మామూలే. షెడ్డువాళ్లే ఉచితంగా చేసివ్వాల్సిన పని ఇది.

ప్రశ్న: ట్యాంకు క్యాపు తిప్పుతుంటే బుస్సుమని గాలి శబ్దం వస్తోంది, కొన్నిసార్లు క్యాపు తిరగనే తిరగదు. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: కొద్దిపాటి శబ్దం మామూలే, ఎండాకాలంలో మరీ. గాలి లోపలికి పీల్చుకుంటూ, క్యాపు లోపలికి పట్టేసినట్టుంటే మాత్రం ట్యాంకులోకి గాలి వచ్చే దారి మూసుకుపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, దానికి క్యాపులో చిన్న వాల్వు ఉంటుంది. బజార్లో దొరికే చౌక క్యాపుల్లో ఈ వాల్వు లేని రకాలున్నాయి. మీరు ఈమధ్య క్యాపు మార్చి ఉంటే అక్కడే చూడండి. కంపెనీ క్యాపు వేశాక కూడా ఉంటే బ్రీదర్ గొట్టం (ట్యాంకు గాలి పీల్చే గొట్టం), కార్బన్ క్యానిస్టర్ (పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా) చూపించాలి. బంకులో గన్ను ఆటోమేటిగ్గా ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త కొట్టించే అలవాటుంటే మానెయ్యండి. ఆ పెట్రోలు క్యానిస్టర్లోని బొగ్గుని తడిపేస్తుంది. ఆ తర్వాత గాలి దారి మూసుకుపోతుంది, గన్ను మాటిమాటికీ ఆగిపోతుంటుంది.

ప్రశ్న: మాది సీఎన్జీ కారు. గ్యాస్ పట్టించాక మూత వేసినా బండి స్టార్టు కావడం లేదు. రెండు మూడుసార్లు తెరిచి గట్టిగా మూస్తే అయింది. మళ్ళీ ఇవాళ అదే గోల.
– ఒక పాఠకుడు, నెల్లిమర్ల

జవాబు: స్టార్టరు చెడిందనుకుని డబ్బు వదిలించుకోకముందే అడిగారు, నయం. కంపెనీ అమర్చిన సీఎన్జీ కార్లలో మూత దగ్గర ఒక చిన్న మైక్రో స్విచ్ ఉంటుంది. మూత తెరిచి ఉన్నంతసేపు ఇంజను స్టార్టు కాకుండా అది అడ్డుకుంటుంది, గ్యాస్ పడుతుండగా బండి కదలకుండా. ఆ స్విచ్ మీద మట్టి పేరుకున్నా, మూత సరిగ్గా కూర్చోకపోయినా తెరిచే ఉందనుకుంటుంది. మూత అంచు, రబ్బరు, స్విచ్ కొస పొడి గుడ్డతో తుడవండి. స్విచ్ కొసను వేలితో నొక్కితే చిన్న టిక్ వినిపించాలి, వేలు తీయగానే బయటికి రావాలి. మూతను తేలిగ్గా వేసి వదిలెయ్యకుండా నొక్కి, పట్టు పడిన శబ్దం విన్నాకే బండి ఎక్కండి.

అయినా ఈ గోల ఆగకపోతే స్విచ్ మార్పించాలి. కొందరు దాని రెండు వైర్లూ కలిపేసి స్విచ్ అడ్డం తప్పిస్తారు. అది మాత్రం ఎంత తొందరలో ఉన్నా ఒప్పుకోకండి. గొట్టం తగిలించి ఉండగా ఎవరైనా మరిచిపోయి బండి ముందుకు తీస్తే గొట్టం తెగి గ్యాస్ బయటికి చిమ్ముతుంది.

ప్రశ్న: వాన పడితే మూత లోపల గూట్లో నీళ్లు నిలుస్తున్నాయి. అదేమైనా ట్యాంకులోకి పోతుందా?
– ఒక పాఠకురాలు, భోగాపురం

జవాబు: క్యాపు బాగా బిగించి ఉంటే వెంటనే పోదు. కానీ క్యాపు తీసిన క్షణంలో అంచు మీది నీళ్లు లోపలికి జారతాయి. గూటి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, దాని నుంచి సన్నటి గొట్టం చక్రం పక్కకి దిగుతుంది. ఆకులు, మట్టి చేరి అది మూసుకుపోయింది. సన్నటి ప్లాస్టిక్ తీగతో నెమ్మదిగా పొడిచి, క్యాపు బిగించి ఉండగా అర గ్లాసు నీళ్లు పోసి చూడండి. చక్రం వెనక నేల మీద నీళ్లు పడితే దారి తెరుచుకున్నట్టు. ఇనుప తీగ పెడితే గొట్టం చిరుగుతుంది. అక్టోబరు తుపాన్లు మొదలయ్యేలోపు ఒకసారి, ఆ తర్వాత ఒకసారి ఇలా చూసుకుంటే పిన్ను తుప్పు పట్టే అవకాశం తగ్గుతుంది. ఉప్పుగాలి ఊళ్లలో బండి కడిగినప్పుడల్లా మూత తెరిచి మంచినీళ్లు ఒక మగ్గు పోసి తుడవండి. ప్రెషర్ వాషర్ గొట్టం మాత్రం నేరుగా క్యాపు మీదకి తిప్పనివ్వకండి.